పాల డబ్బా

గాలికి రేవు మూసేశారు.
చీలే చీకో ఒడ్డున పడవ గొలుసులు గింజుకుంటున్నాయి.
రెండింటికి వెళ్లాల్సింది రేపు వెళుతుందని
కిటికీలో అట్టముక్క పెట్టి
టిక్కెట్ల మనిషి ఇంటికెళ్లిపోయింది.

మిగిలింది నేను, ఒక గొర్రెల లారీ,
పశువుల డాక్టరు ఎలిసేయో, అతని కూతురు నయారెత్.
అతను ఆనుకుని నిలబడ్డది
నేను పొగిడిన బండికే.
పదకొండేళ్ల కిందట, పత్రికలో, నాలుగు పేజీలు.

"మీరేనా!" అని చేతితొడుగు తీసి చెయ్యి కలిపాడు.
"మీ మాట మీదే కొన్నాను."
సంతోషించాలో పారిపోవాలో తెలియలేదు.
పారిపోవడానికి పడవ లేదు.

ఆ బండితో నా పరిచయం రెండు రోజులు.
కొత్త టైర్లు, నూనె పట్టించిన చైను,
వెనకాలే వ్యానులో కంపెనీ మెకానిక్కు,
వియ్యాలవారికి చేసే మర్యాద,
రాత్రికి నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల.
"దూరప్రయాణాలకు హాయైన సీటు" అని రాశాను,
రోజుకు తొంభై కిలోమీటర్లు నడిపి.
పెళ్లిచూపుల్లో ఎవరు గురక పెడతారు?

ఎలా ఉంది బండి, అని అడిగాను.
"ఒక్కనాడూ ఇబ్బంది పెట్టలేదు" అన్నాడు, తడుముకోకుండా.
తరువాత గాలికి వీపు తిప్పి,
సొరబుర్రలో మాతే పీలుస్తూ,
వెనక చట్రం రెండుసార్లు అతికించిన సంగతీ,
ముర్తా దగ్గర కంకరలో క్లచ్ వైరు తెగితే
ఎవరిదో కంచె తీగ కట్టి ఇల్లు చేరిన సంగతీ,
జూలై పొద్దుల్లో ఇంజను కింద
బొగ్గుల తట్ట పెట్టి లేపే సంగతీ
మురిపెంగా చెప్పాడు,
బిడ్డకు ఆటలమ్మ పోసిన కథ తల్లి చెప్పినట్టు.
కాకిపిల్ల కాకికి ముద్దు.
గేరు గట్టిదని అతను చెప్పడు.
ఎడమ బూటు చెబుతోంది,
బొటనవేలి దగ్గర మూడు అతుకులతో.

నేను ఎక్కినవి రెండు వందల పైచిలుకు,
వాటిలో ఒక్కదాని ముసలితనం చూడలేదు.
అతనికి ఈ ముసలిది తప్ప
ఇంకో బండి ఎలా ఉంటుందో గుర్తే లేదు.

నయారెత్‌కు పంతొమ్మిది.
కోయ్‌హైకేలో ఇదే రకం, పాతది, అమ్మకానికుంది.
చెర్రీ తోటల్లో రెండు కోతల కూలి
జాకెట్టు లోపలి జేబులో ఉంది.
మాటిమాటికీ తడిమి చూసుకుంటోంది.
"కొనొచ్చా?" అంది నాతో.
నా పాత వాక్యాలు వెతుక్కున్నాను,
ఒక్కటీ నోటికి రాలేదు.

తండ్రిని ఆమె అడగలేదు.
బండి పక్కసంచిలోంచి
తుప్పు పట్టిన పాలపొడి డబ్బా తీసి
రేవు సిమెంటు మీద బోర్లించింది.

బేరింగులు. పళ్లరిగిన చైను చక్రం.
తెగిన వైరు కొస.
మాడిపోయిన రాగిచుట్ట.
తల విరిగిన బోల్టులు, అన్నీ ఒకే కొలత.
"పారెయ్యబుద్ధి కాలేదు," అన్నాడు ఎలిసేయో,
మిఠాయి దొంగిలించి దొరికిపోయినట్టు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని
బోల్టులు వరసగా పేర్చింది.
"ఇదెక్కడిది?"
"సైలెన్సరు పట్టీది."
"ఏడూనా?"
"ఏడూ."
అతను వేళ్లు ముడుస్తూ ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు.
మధ్యలో ఆగి, తన బండి వంక
ఎవరిదో పరాయిదాన్ని చూసినట్టు చూశాడు.

ఉద్యోగం మానేసి మూడేళ్లయినా
నా చెయ్యి నోటుబుక్కు మీదికే పోయింది.
ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు, అని రాసుకున్నాను.
రెండు రోజుల్లో తెలిసేది కాదులే అని
పక్కనే రాసి, కొట్టేశాను.

గాలి తగ్గలేదు. లారీలో గొర్రె ఒకటి తుమ్మింది.
నయారెత్ బోల్టులన్నీ గుప్పిట్లోకి తీసుకుని
డబ్బాలో వెయ్యకుండా
డబ్బున్న జేబులోనే వేసుకుంది.
"నాన్నా," అంది,
"వీటికి ఎంత తగ్గించమనాలి?"